గుమ్మానికి కట్టిన జపాన్ డబ్బా

పొట్లాల వెనక చీమతలకాయంత అక్షరాల్లో అచ్చువేసే జాగ్రత్తలను ఎవరూ చదవరని కంపెనీలు అనుకుంటాయి. అవి నర్సింహను ఎరగవు.

సిద్దిపేటలో వాళ్ళ నాయనకు ఎరువుల దుకాణం ఉండేది. తోటి పిల్లలు వాచకం వల్లెవేసే వయసులో నర్సింహ గల్లాపెట్టె పక్కన కూర్చుని పురుగుమందు డబ్బాల వెనక రాతలు వల్లెవేశాడు. పొరపాటున మింగినచో ఏమి చేయవలెను, కంటిలో పడినచో ఏమి చేయవలెను, ఖాళీ డబ్బాను ఎచ్చట పాతిపెట్టవలెను అన్నీ కంఠతా వచ్చేవి. మింగినవాళ్ళెవరూ వచ్చి అతణ్ణి సంప్రదించలేదు గాని ఆ చదువు వృథా పోలేదు. లోకంలోని ప్రతి వస్తువూ ఏదో ఒక పద్ధతిలో మనిషిని చంపగలదన్న తత్త్వజ్ఞానం, రుషులకు గడ్డాలు నెరిసినా కలగనిది, అతనికి నిక్కర్లు వేసుకునే రోజుల్లోనే కలిగింది.

పెద్దయ్యాక చదువుకోసం ఆక్లండ్ వచ్చాడు. హెండర్సన్‌లో మరికొందరు తెలుగు కుర్రాళ్ళతో కలిసి ఒక ఫ్లాట్‌లో ఉంటూ, ఖర్చుల కోసం మాల్‌లోని సుషీ కొట్టులో అన్నం వండే పనికి కుదిరాడు. సరుకంతా జపాన్ నుంచి వచ్చేది. తక్కినవాళ్ళు సీసా మూత తీసి ఒంపేసేవారు. నర్సింహకు చేయి ఆడేది కాదు. సీసా వెనక ఎర్ర గీతల మధ్య ఏదో రాసి ఉంది. ఎర్ర గీతల మధ్య ఎవరూ శుభవార్త రాయరు. పని లేనప్పుడల్లా స్టోర్‌రూమ్‌లో బస్తాల మీద కూర్చుని, ఫోన్‌లో నిఘంటువు పెట్టుకుని, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ జపనీస్ నేర్చాడు. మనుషులు ప్రేమ కోసం భాషలు నేర్చుకుంటారు, కొలువు కోసం నేర్చుకుంటారు. ఇతను భయపడి నేర్చుకున్నాడు. అందుకే బాగా వచ్చింది.

ఆ భయమే అన్నం పెట్టింది కూడా. వెల్లింగ్టన్ పక్కన పెటోనీలో బ్రెండన్ అనే ఆయనకు పాత వీడియో గేముల దుకాణం ఉంది. ముఖ్యంగా జపాన్ నుంచి వచ్చిన ముప్పై ఏళ్ళనాటి ఆటలు, అట్టడబ్బాలతో సహా. ఆ డబ్బాల మీద ఏం రాసి ఉందో చదివి ఇంగ్లీషులో చిన్న చీటీలు రాసిపెట్టే మనిషి కావలసివచ్చాడు. స్థానికంగా ఎవరూ దొరకలేదు. నర్సింహ దొరికాడు. ఉద్యోగాన్ని పట్టుకుని వీసా వచ్చింది, వీసాను పట్టుకుని పెళ్ళి జరిగింది, పెళ్ళిని పట్టుకుని లోవర్ హట్‌లో అద్దె ఇల్లు వచ్చింది. ఇదంతా బ్రెండన్ అనే ఒక్క మేకుకు వేలాడుతోందని నర్సింహకు రోజూ పళ్ళు తోముకునేటప్పుడు గుర్తొచ్చేది.

బ్రెండన్ తాటిచెట్టంత మనిషి. ఆయనకు దేవుడి మీద నమ్మకం లేదు, దెయ్యం మీద లేదు, వాతావరణ సూచన మీద అసలే లేదు. నమ్మేదల్లా అట్టను. డబ్బా మూల నలిగితే కసురుకునేవాడు కాదు. నలిగిన మూలను బొటనవేలితో నిమురుతూ మౌనంగా నిలబడేవాడు. ఆ మౌనం ఎంతసేపుంటే నర్సింహ గుండె అంతసేపు ఆగి ఉండేది.

అట్ట మీద భక్తికి కారణం లేకపోలేదు. ఆ కాలంలో ఆట లోపల తెర మీద కనిపించే వీరుడంటే ఏడెనిమిది చదరపు చుక్కలు. రాక్షసుడంటే ఇంకో నాలుగు చుక్కలు ఎక్కువ. ఆ చుక్కలను చూసి ఎవరూ భయపడరు కాబట్టి, భయపెట్టే బాధ్యతంతా డబ్బా మీది బొమ్మ తీసుకునేది. చేయి తిరిగిన చిత్రకారులు రంగులు కలిపి, కుంచె పట్టి, దేవాలయానికి వేసినంత శ్రద్ధగా వేసేవారు. వాటన్నిటిలోకీ బ్రెండన్ ప్రాణం పెట్టుకున్నది ‘అకామినే’ అన్న ఆట డబ్బా. ఎర్ర శిఖరమని అర్థం. డబ్బా నిండా ఒకే ఒక్క మొహం. జపాన్ వాళ్ళు ఒనీ అని పిలిచే రాక్షసుడు. నిప్పులాంటి ఎరుపు, రెండు కొమ్ములు, కిందినుంచి పైకి పొడుచుకొచ్చిన కోరలు, ఎటునుంచి చూసినా మన వంకే తిరిగే కళ్ళు. పక్కన నిలువునా బంగారు అక్షరాల్లో ఆట పేరు. వెనకవైపు మాత్రం మర్యాదస్తుడైన గుమాస్తా రాసినట్టు జాగ్రత్తలు: గట్టిగా కొట్టరాదు. థిన్నర్, బెంజీన్ వంటివాటితో తుడవరాదు. మిక్కిలి వేడి తగిలే చోట ఉంచరాదు. ఆటమధ్యలో అప్పుడప్పుడు విశ్రమింపవలెను. ముందువైపు రాక్షసుడు, వెనకవైపు హితబోధ. నర్సింహ ముందువైపు చూసినప్పుడు జంకేవాడు, వెనకవైపు చదివి మరింత జంకేవాడు.

2014 డిసెంబరులో, క్రిస్మస్ సెలవులకు దుకాణం మూస్తూ, బ్రెండన్ ఆ డబ్బాను నర్సింహ చేతిలో పెట్టాడు.

“మార్చిలో ప్రదర్శన ఉంది మేట్. మధ్యలో ఉండేది ఇదే. నేను జనవరంతా సముద్రం ఒడ్డున మా బాచ్‌లో, ఆ సెలవుల ఇంట్లో ఉంటాను. ఇక్కడ చెమ్మ. పైగా దొంగలు. నీ దగ్గర పెట్టుకో, చీటీ తీరిగ్గా రాయి. దీనికి ఏమైనా అయితే…”

వాక్యం పూర్తిచేయలేదు. బ్రెండన్ అసంపూర్తి వాక్యాల్లో నర్సింహ ఉద్యోగం, వీసా, అప్పుడే దరఖాస్తు పెట్టుకున్న రెసిడెన్సీ, దానికి ఆయన రాస్తానన్న ఉత్తరం అన్నీ హాయిగా పడుకునేంత జాగా ఉండేది.

ఇంటికొచ్చి ఫోటోలు తీసుకున్నాడు. ఆ తర్వాత డబ్బాను, దాంట్లోంచి తీసిన ఆట క్యాసెట్‌ను, పుస్తకాన్ని మందపాటి కవర్లో పెట్టి, వేడినీళ్ళ ట్యాంకు ఉండే అలమరలో పై అరన దాచాడు. ఇంట్లో చెమ్మ తగలని చోటు అదొక్కటే. ట్యాంకు సెగ తగలకుండా కింద దిండు కూడా వేశాడు. మళ్ళీ ముట్టుకోలేదు. ముట్టుకుంటే నలుగుతుందేమోనని భయం. చీటీ మొత్తం ఫోటోలు చూసి రాశాడు. ముట్టుకోకపోవడమే కాపాడటమని అతని సిద్ధాంతం. వేడినీళ్ళ ట్యాంకు ఉండే అలమరలోనే పసిపిల్లల గుడ్డలు ఆరబెడతారన్న సంగతి ఆ సిద్ధాంతంలో లేదు.

ఆ ఇంట్లో అప్పటికే పసిపాప ఉంది. డిసెంబరు మొదట్లో నర్సింహ భార్య శరణ్యకు కూతురు పుట్టింది. పురిటికి సాయంగా శరణ్య తల్లి లక్ష్మీబాయి కరీంనగర్ నుంచి వచ్చింది. వచ్చేటప్పుడు దిష్టికని గవ్వలు కుచ్చిన నల్లతాడు, బూడిద గుమ్మడికాయ, ఎండుమిరపకాయలు తెచ్చింది. ఈ దేశానికి పురుగులంటే ఎంత భయమో ఆమెకు తెలియదు. విమానాశ్రయంలో తొడుగులు వేసుకున్న ఒక అధికారి గుమ్మడికాయను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకుని లోపలికి తీసుకుపోయాడు. తాడు కూడా పోయింది. “నా గుమ్మడికాయకు ఆడు మొక్కిండు బిడ్డా, గందుకే తీస్కపోయిండు” అని ఆమె చాలాకాలం చెప్పుకుంది.

గుమ్మానికి కాపలా లేకపోయింది. పాప సాయంత్రమయ్యేసరికి అందుకునేది. మొహం కందిపోయి, పిడికిళ్ళు బిగించి, ఊపిరి తిప్పుకోకుండా ఏడ్చేది. నర్సు వచ్చి చూసి, పిల్లలందరూ ఇంతే, కొన్ని వారాల్లో తగ్గుతుందని చెప్పి చుక్కలమందు ఇచ్చింది. నర్సింహ మందు సీసా వెనక రాసింది చదివి, వేయడానికి భయపడ్డాడు. శరణ్య వేసింది.

“మందుతోని పోయేది కాదిది,” అంది లక్ష్మీబాయి. “దిష్టి. దావఖాన్ల అద్దాలల్లకెళ్ళి అందరు జూసిండ్రు. అమ్మో గంత జుట్టా, గంత జుట్టా అని.”

“అమ్మా, ఇంక మొదలువెట్టకు,” అంది శరణ్య. ఆమె బ్యాంకులో పనిచేస్తుంది. దిష్టిని నమ్మదు. పాప అరికాలికి కాటుక చుక్క మాత్రం రోజూ పెడుతుంది.

క్రిస్మస్ దాటాక పాప ఏడుపు తగ్గింది. నర్సు చెప్పినట్టే తగ్గిందని శరణ్య, చుక్కలమందు వికటించకుండా పనిచేసిందని నర్సింహ సంతోషించారు. లక్ష్మీబాయి చిన్నగా నవ్వుకుని గుడ్డలు మడతపెట్టుకుంది.

జనవరి ఆఖర్లో ఒక శనివారం పొద్దున బ్రెండన్ నుంచి మెసేజ్ వచ్చింది. తిరిగొచ్చాడట. మధ్యాహ్నం పాపను చూడ్డానికి వస్తాడట, తినడానికి లసాన్యా తెస్తాడట. పోతూపోతూ డబ్బా తీసుకెళ్తాడట.

నర్సింహ నూలు తొడుగులు వేసుకుని అలమర తెరిచాడు. కవరు ఉంది. బరువు ఉంది. ఊపిరి పీల్చుకుని లోపల చూశాడు. క్యాసెట్ ఉంది. పుస్తకం ఉంది. డబ్బా లేదు.

దిండు ఎత్తి చూశాడు, అర మొత్తం తడిమాడు.

“శరణ్యా! ఇండ్ల డబ్బ ఏది?”

“నాకేం తెల్సు? నువ్వు ముట్టనియ్యనే లేదు గద. అమ్మా, ఈ అలమర్ల కవర్లకెళ్ళి ఏమన్న తీసినవా?”

“ఏంది, గా రాక్షసుని మొఖమా?” వంటింట్లోంచి పోపు చిటపటల మధ్య జవాబొచ్చింది. “కిరస్తానపోల్ల పండుగ తెల్లారి గుమ్మానికి గట్టిన. ఉత్త అట్ట. లోపలియి ముట్టలే, అట్లనే వెట్టిన.”

నర్సింహ ఇంటి ముందు తలుపు ఎప్పుడూ తెరవడు. తెరిస్తే ఎవరో వచ్చి ఏదో అడుగుతారని భయం. కారు పక్కన ఆపి వంటింటి తలుపులోంచే వస్తాడు, పోతాడు. పురుడు వచ్చాక శరణ్య కూడా ముందు వాకిట్లోకి వెళ్ళలేదు. ఆ ముందు తలుపు ఇప్పుడు తెరిచి, వాకిట్లోకి దిగి, వెనక్కి తిరిగి చూశాడు.

అంతకుముందు అద్దెకున్నవాళ్ళు పూలచక్రం తగిలించుకున్న మేకుకు డబ్బా వేలాడుతోంది. నల్ల ఊలుదారంతో అడ్డంగా, నిలువుగా బిగించి కట్టారు. దారం కోసుకున్న చోట అట్ట లోపలికి నొక్కుకుపోయింది. కనుబొమల మధ్య రూపాయంత కుంకుమ బొట్టు, తడిపి పెట్టినది. కింద నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు. నిమ్మరసం ఒక కోర మీదుగా కారి ఎండిపోయింది. ఇవన్నీ ఒక ఎత్తు, ఎండ ఒక్కటే ఒక ఎత్తు. ఆ గుమ్మం ఉత్తరం వైపు. ఈ దేశంలో ఎండంతా ఉత్తరం నుంచే వస్తుంది. మన ఎండలాగా ఒళ్ళు మాడ్చదు, నిశ్శబ్దంగా రంగులు తినేస్తుంది. నెల రోజులు తిన్నది.

రాక్షసుడి మొహంలో ఎరుపు లేదు. చచ్చినవాడి పెదవుల్లాంటి నీలం ఉంది. కళ్ళు మాత్రం ఇంకా చూస్తున్నాయి.

“జూసినవా అల్లుడా!” లక్ష్మీబాయి గరిటెతో వచ్చి పక్కన నిలబడింది. ఆమె గొంతులో గర్వం. “నేను గట్టినప్పుడు నెత్తురోలె ఎర్రగుండె. దిష్టంత గుంజుకొని నీలివడ్డది. గంత దిష్టి ఉండె నీ బిడ్డకు. పోరి ఊకెనే ఒర్రుడు ఆపిందనుకున్నరా మీరు?”

అచ్చులో ఎర్ర సిరా ముందు చస్తుందని, నీలం చివరిదాకా బతుకుతుందని నర్సింహకు తెలుసు. దుకాణం కిటికీలో ఆ మాట స్వయంగా రాసి అంటించినవాడు అతనే. కాబట్టి ఈ రెండు వివరణల్లో ఏది నిజమో అతనికి సందేహం లేదు. ఏది ఎక్కువ భయంకరమో కూడా సందేహం లేదు. మనిషి కాళ్ళు ఎప్పుడూ భయంకరమైనదాని మాటే వింటాయి.

అయినా స్టూలు తెచ్చుకుని ఎక్కాడు.

“ముట్టకు! దిష్టి గుంజినదాన్ని ఎవలన్న ముడ్తరా? ఇంట్లకు తెచ్చినవంటె గదంత మళ్ళ పిల్ల మీదికే వోతది. పారే నీళ్ళల్ల ఇడిశిపెట్టాలె. మొన్న చూపిచ్చినవు గద, గా హట్ నది.”

“అత్తమ్మా, ఇది మా ఓనర్‌ది. నదిల ఏస్తే నా కొలువు గూడ అండ్లనే వోతది. కొలువు వోతే వీసా వోతది.”

“వీసా ముఖ్యమా, పిల్ల ముఖ్యమా?”

ఈ ప్రశ్నకు వీసా దరఖాస్తుల్లో ఎక్కడా గడి లేదు. నర్సింహ స్టూలు దిగాడు. శరణ్య వంక చూశాడు. ఆమె చదువుకున్న మనిషి, బ్యాంకులో పనిచేసే మనిషి, ఒక్క మాటతో ఈ చీకటిని చెదరగొట్టగల మనిషి.

“అవన్ని ఏం లెవ్వు అమ్మా,” అంది శరణ్య. నర్సింహ మళ్ళీ స్టూలెక్కాడు. “గని…” అంది శరణ్య, “ఇప్పుడే తియ్యాల్నా? ఇప్పుడే నిద్రవోయింది పిల్ల.”

దిగాడు.

మధ్యాహ్నం వరకూ అతను ఆ స్టూలు ఎక్కడం, దిగడం చేస్తూనే ఉన్నాడు. ఎక్కినప్పుడు గోడ అవతల నిద్రపోతున్న పాప ఊపిరి వినిపించేది. దిగినప్పుడు బొటనవేలితో అట్టను నిమిరే బ్రెండన్ కనిపించేవాడు. డబ్బాను దొంగలెత్తుకుపోయారని చెబితే? పోలీసులొస్తారు. పోలీసులొస్తే ముందు గుమ్మం చూస్తారు. గాలికి ఎగిరిపోయిందంటే? ఈ ఊరి గాలి మీద ఏ నేరం మోపినా నమ్ముతారు గాని, వేడినీళ్ళ ట్యాంకు అలమరలోకి గాలి ఎలా పోయిందో చెప్పాలి. చివరికి, బ్రెండన్‌ను వంటింటి తలుపువైపు మళ్ళించి, ముందువైపు చూడనివ్వకుండా ఉండటమే మార్గమని తేల్చుకున్నాడు. ఆ తర్వాత డబ్బా అడిగితే ఏం చేయాలో తేల్చుకోలేదు. భయస్తుల ప్రణాళికలు ఎప్పుడూ మొదటి మెట్టు దగ్గరే ఆగుతాయి.

కారు వచ్చింది. నర్సింహ దారి మధ్యలో నిలబడి, విమానానికి దారి చూపేవాడిలా రెండు చేతులూ వంటింటి వైపు ఊపాడు. బ్రెండన్ తానూ చేయి ఊపి, లసాన్యా గిన్నె పట్టుకుని, పరాయి ఇంటికి మర్యాదగల మనుషులు వచ్చినట్టే ముందు గుమ్మం దగ్గరికి వచ్చాడు. చెప్పులు విడిచాడు. తలెత్తాడు.

నిమ్మకాయ గాలికి కొంచెం ఊగింది.

“నర్సింహా,” అన్నాడు కళ్ళు దించకుండా, “నేను అనుకుంటున్నది అదేనా?”

“అదే.”

“ఎందుకు?”

నర్సింహ గుమ్మంవైపు తిరిగాడు. గరిటె పట్టుకున్న తల్లి వెంట గుమ్మంలోకి వచ్చిన శరణ్య చెప్పింది: పాప ఏడవడం, అమ్మ కట్టడం, ఏడుపు ఆగడం. తల్లి చెప్పమన్న మాట కూడా కలిపింది, ఆ బొమ్మ గీసినవాడు మామూలోడు కాదని. బ్రెండన్ అంతా విన్నాడు. గిన్నెను మెట్టు మీద పెట్టాడు.

“దించు,” అన్నాడు.

నర్సింహ స్టూలెక్కాడు. చేయి చాచాడు. వేళ్ళకూ దారానికీ మధ్య జానెడు దూరం. ఆ జానెడు దాటలేకపోయాడు.

“నాకు భయంగా ఉంది బ్రెండన్.”

“నేనంటేనా?”

“మీరంటే కూడా.” చాచిన చేయి వెనక్కి తీసుకున్నాడు. “ఉద్యోగంలోంచి తీసేస్తారని తెలుసు. తీసేయండి. నా చేత్తో దించలేను. లోపల నా కూతురుంది.”

పుట్టి బుద్ధెరిగాక నర్సింహ ఒకరి మాట కాదనడం అదే మొదలు. అంటూ స్టూలు మీద వణుకుతున్నాడు కాబట్టి చూడ్డానికి మాత్రం ధైర్యంలా లేదు.

బ్రెండన్‌కు స్టూలు అక్కర్లేదు. చేయి పైకెత్తి, అలవాటైన వేళ్ళతో అట్టకు తగలకుండా ముడి విప్పాడు. మిరపకాయలు కింద రాలాయి. డబ్బాను రెండు అరచేతుల మధ్య పట్టుకుని మేకు నుంచి తప్పించాడు.

లోపల పాప కెవ్వుమంది.

మామూలు ఏడుపు కాదు. క్రిస్మస్‌కు ముందున్న ఏడుపు, ఊపిరి తిప్పుకోని ఏడుపు. లక్ష్మీబాయి గరిటె జారవిడిచి గుండె మీద చెయ్యి వేసుకుంది. శరణ్య లోపలికి పరిగెత్తింది. నర్సింహ స్టూలు మీదే కూలబడ్డాడు.

బ్రెండన్ కదల్లేదు. దేవుణ్ణీ దెయ్యాన్నీ నమ్మని ఆ మనిషి చేతుల్లో నీలిరంగు మొహం పైకి చూస్తోంది. ఆయన దానివంక చూడకుండా ఉండటానికి ప్రయత్నిస్తూ చూస్తున్నాడు. లోపల ఏడుపు హెచ్చింది. ఆయన డబ్బాను ఒంటికి దూరంగా జరిపాడు.

తర్వాత డబ్బాను తిరిగి మేకుకు తగిలించాడు. దారం అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి చుట్టాడు. వంగి మిరపకాయలు ఏరి లక్ష్మీబాయి చేతికిచ్చాడు.

“అది ఎలాగూ పాడైపోయింది,” అన్నాడు, తన చేతులవంక చూసుకుంటూ. “ఎండకు పోయింది. అంతే.”

“మరి ప్రదర్శన?” అన్నాడు నర్సింహ.

“మధ్యలో ఖాళీ ఉంటుంది. అక్కడ ఏం పెట్టాలో నువ్వే ఆలోచించు. సోమవారం తొమ్మిదింటికి రా. ఇకమీదట దుకాణంలోంచి ఒక్క అట్టముక్క నీ ఇంటికి రాదు.”

“రెసిడెన్సీకి ఉత్తరం…”

“రాస్తానన్నాను కదా మేట్.” అంత గట్టిగా ఆయన మాట్లాడటం నర్సింహ ఎప్పుడూ వినలేదు. పాపను చూడకుండానే చెప్పులేసుకుని కారెక్కాడు.

పాప ఏడుపు ఆగలేదు. డబ్బా మేకు మీద ఉన్నా ఆగలేదు. పాలిచ్చారు, భుజాన వేసుకుని తిప్పారు, చుక్కలమందు వేశారు. లసాన్యా చల్లారి గడ్డకట్టింది.

“మరి ఇప్పుడెందుకు ఏడుస్తున్నదే అమ్మా? ఆయన దాన్ని మళ్ళ కట్టిండు గద,” అంది శరణ్య, విసుగ్గా, కొంచెం ఆశగా కూడా.

లక్ష్మీబాయి దోసిట్లో ఉప్పు తీసుకుని మనవరాలి చుట్టూ తిప్పుతూ ఆలోచించింది.

“గా పొడుగాయన చూపు మంచిది గాదు,” అని తేల్చింది. “కొత్త దిష్టి. గది గుంజటానికి టైం వడ్తది.”

శరణ్య పాప అరికాలి కాటుక చుక్కను మళ్ళీ దిద్దింది. నర్సింహ లేచి ముందు తలుపు దాకా వెళ్ళి, గడియ పడిందో లేదో లాగి చూశాడు. మళ్ళీ వచ్చి ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకున్నాడు.